ఐదున్నరకు ముందొచ్చినవాళ్లు

'నా లాప్‌టాప్‌లో బాగానే పనిచేస్తోందే!'

సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లున్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. పెళ్లిచూపుల్లో 'మా ఇంట్లో అయితే అమ్మాయి చక్కగా పాడుతుందండీ' అనడం లాంటిదే. ఇంట్లో పాడితే సరిపోదుగా, నలుగురిముందూ గొంతు పెగలాలి. ఆ శనివారం రాత్రి అతను ఆ మాట అనడం నాలుగోసారి. వింటున్నది మాత్రం ఒక్కరే... పక్కన నవారుమంచం మీద కూర్చుని పాల లెక్కలు చూసుకుంటున్న వాళ్లమ్మ.

2023 మే నెలాఖరు. కృష్ణా జిల్లాలో వుయ్యూరు దగ్గర ఓ పల్లె. ఆ ఊళ్లో పాలకేంద్రం నడిపేది ఆవిడే. పొద్దున ఐదింటికి తలుపు తీస్తుంది, మళ్లీ సాయంత్రం ఐదింటికి. నలభై రెండుమంది పాలు పోస్తారు. ఒక్కొక్కరి పాలూ కొలిచి, చిన్న గిన్నెలో నమూనా తీసి మిషన్లో పెడితే వెన్నశాతం ఎంతో, ఎస్సెన్నెఫ్ ఎంతో చూపిస్తుంది. ఆ అంకెల్ని ముందు తన పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత పోసినవాళ్ల కార్డులో వెయ్యాలి. వ్యాను వచ్చేలోగా డెయిరీ వాళ్ల కాగితంలోకి ఎక్కించాలి. అంటే ఒకే అంకె మూడుసార్లు. రెండు పూటలా. పద్దెనిమిదేళ్లుగా.

పదిహేనో తారీఖు రాత్రి, నెలాఖరు రాత్రి ఆ ఇంట్లో టీవీ మోగదు. పక్షం లెక్క కట్టాలి. వెన్నశాతం చూసి, ధరల పట్టీ చూసి, లీటర్లతో హెచ్చవేసి, నలభై రెండుమందికీ వరసగా కూడుకుంటూ వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. ఎక్కడైనా తప్పు పడితే ఆ తేడా ఆవిడ కమీషన్లోంచే పోతుంది. ఆ ఏడు సంక్రాంతి పక్షంలో 'ఏడు' అంకె 'ఒకటి'లా కనిపించింది. కళ్లద్దాలు మార్చాల్సిన వయసు మరి! ఆరువందల నలభై రూపాయలు చేతినుంచి పెట్టుకుంది. ఆ సంగతి కొడుక్కి చెప్పలేదు. పండక్కి వచ్చిన అతను పుస్తకం తిరగేస్తుంటే ఎర్రసిరాతో కొట్టేసిన వరస కనిపించింది.

అతనికి హైదరాబాద్‌లో ఏడేళ్లుగా ఉద్యోగం. ఎక్కడో బ్యాంకుల కోసం, విమానాల కోసం రాస్తున్నాడుగానీ అమ్మ పుస్తకం కోసం ఒక్క వరస రాయలేదన్న సంగతి ఆ రాత్రి తట్టింది. ఆరు శనాదివారాలు కూర్చుని చిన్న అప్లికేషన్ తయారుచేశాడు. ఫోన్లో కార్డు నంబరు, లీటర్లు, వెన్న, ఎస్సెన్నెఫ్ కొట్టి బటన్ నొక్కితే చాలు. ధర అదే చూసుకుంటుంది, పక్షం బిల్లు అదే కడుతుంది. లాప్‌టాప్‌లో అమ్మకి చూపిస్తే మురిసిపోయింది. 'మరి రేపట్నుంచి వాడుకోనా?' అంది.

అక్కడే వచ్చింది చిక్కు. కంపెనీలో ప్రోగ్రామ్ రాయడంతో అతని పని అయిపోతుంది. దాన్ని జనంలోకి తీసుకెళ్లి నిలబెట్టడానికి వేరే బృందం ఉంటుంది. ఆ పనిని వాళ్లు 'డిప్లాయ్' చేయడం అంటారు. ఏడేళ్లలో అతను వాళ్లకి ఎన్ని ఫిర్యాదులు పంపాడో లెక్కలేదు. వాళ్లు చేసే పనేమిటో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఇలాంటి అప్లికేషన్ ఏదైనా రెండు గదుల ఇల్లు. ముందు గది అందరికీ కనిపించేది... ఫోన్లో తెర, బటన్లు, అంకెలు కొట్టే గడులు. వెనక గదిలో అసలు లెక్కలు చేసే ప్రోగ్రామ్, పద్దులు దాచే బీరువా ఉంటాయి. ఫ్రంటెండ్, బ్యాకెండ్ అనేవి ఇవే. లాప్‌టాప్‌లో ఉన్నంతకాలం రెండు గదులకీ మధ్య తలుపు తీసే ఉంటుంది. కానీ లాప్‌టాప్ మూసి అతను హైదరాబాద్ బస్సెక్కితే అమ్మ ఫోన్లో ఏమీ రాదు. ఎప్పుడూ ఆరిపోని కంప్యూటర్ ఏదో కావాలి. దానికోసమే క్లౌడ్.

'మబ్బులో పెడతావా?' అని అడిగింది ఆవిడ.

ఎలా చెప్పాలా అని ఆలోచించి అతను పాల శీతలీకరణ కేంద్రం సంగతి ఎత్తాడు. పాలు విరగకుండా నాలుగు డిగ్రీల చలిలో ఉంచాలి. అలాగని ఊరికో పెద్ద కూలర్, దానికో జనరేటరు ఎవరు కొనగలరు? పది ఊళ్ల పాలూ ఒకేచోట పోస్తారు. ఎవరి వాడకానికి తగ్గట్టు వాళ్లు ఖర్చు భరిస్తారు. క్లౌడ్ కూడా అంతే. ఆకాశంలో ఏమీ ఉండదు. గోదాముల్లాంటి భవనాలు, వాటినిండా కంప్యూటర్లు, రాత్రీపగలూ ఆగని ఏసీలు, కరెంటు పోతే క్షణంలో అందుకునే ఏర్పాట్లు. అమెజాన్ కంపెనీ 2006 మార్చిలో సమాచారం దాచుకునే చోటునీ, ఆ ఆగస్టులో గంటకు పది సెంట్ల చొప్పున కంప్యూటర్నీ అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ అదే బాట పట్టాయి. అమెజాన్ భవనాలు 2016లో ముంబయికి, 2022 నవంబరులో హైదరాబాద్‌కీ వచ్చాయి.

'అయితే అద్దె కూలరన్నమాట' అంది ఆవిడ. పెద్ద పెద్ద సదస్సుల్లో గంటసేపు బొమ్మలేసి చెప్పేదీ ఇంతకుమించి ఏమీ ఉండదు.

అద్దె తర్వాత చూద్దాం, ముందు ఉచితంగా దొరికేచోట పెట్టి చూద్దామనుకున్నాడు. శనివారం సాయంత్రం ఆరింటికి కూర్చుంటే ఏడున్నరకి ముందు గది సిద్ధం. అమ్మ ఫోన్లో తెర వచ్చింది, ఆకుపచ్చ రంగులో కేంద్రం పేరు కూడా కనిపించింది. అంకెలు కొట్టి బటన్ నొక్కితే ఉలుకూపలుకూ లేదు. లాప్‌టాప్‌లో మాత్రం అదే తెర చకచకా పనిచేస్తోంది!

గంటన్నర తల పట్టుకున్నాక దొరికింది కారణం. వెనక గది చిరునామా దగ్గర అతను 'లోకల్‌హోస్ట్' అని రాసి మర్చిపోయాడు. కంప్యూటర్ భాషలో దానికి 'మా ఇంట్లోనే' అని అర్థం. ఎవరు పలికితే వాళ్ల ఇల్లే. లాప్‌టాప్ ఆ మాట అంటే లాప్‌టాప్‌లో వెతికేది, బ్యాకెండ్ అక్కడే ఉంది కాబట్టి దొరికేది. అమ్మ ఫోన్ అదే మాట అంటే ఫోన్లోనే వెతుక్కుంటోంది. పాపం, అక్కడేముంది? పాల యాప్, రెండు భక్తిపాటలు, మనవడి ఫొటోలు.

చిరునామా మార్చాడు. ఈసారి బ్రౌజర్ అడ్డం పడింది. పేజీ ఒక చిరునామానుంచి వచ్చి, సమాచారం కోసం మరో చిరునామా తలుపు తడితే దానికి అనుమానం. 'ఈ ఇంటినుంచి వచ్చినవాళ్లని రానివ్వచ్చా?' అని వెనక గదిని అడుగుతుంది. అవునని రాసిపెట్టి ఉంటేనే జవాబు చదవనిస్తుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటి పద్ధతి... చిరాకేగానీ, మంచికే. రాత్రి పదకొండింటికి ఆ పేరు కూడా రాసిపెట్టాడు.

మరో సంగతి మాత్రం ముందే గుర్తొచ్చింది, అదృష్టం. బీరువా తాళంచెవి, అంటే పద్దుల పాస్‌వర్డు, ప్రోగ్రామ్ మధ్యలోనే రాసి ఉంది. ప్రోగ్రామ్‌ని అందరికీ కనిపించేచోట దాచబోతూ చివరి క్షణంలో చూసుకున్నాడు. అలా పొరపాటున బయటపడ్డ తాళాల కోసం ఇంటర్నెట్ అంతా జల్లెడపట్టే దొంగ ప్రోగ్రాములు ఉంటాయి. నిమిషాల్లో పట్టేస్తాయి. మీ ఖాతాలో వాళ్లు కంప్యూటర్లు నడుపుకొంటారు, బిల్లు మీకొస్తుంది. తాళాన్ని ప్రోగ్రామ్‌లోంచి తీసి, సర్వరుకి మాత్రమే తెలిసేచోట విడిగా పెట్టాడు.

ఇంత చిన్నదానికి ఇంత తంటానా అనిపించవచ్చు. ఇంటర్ ఫలితాల రోజున తెరుచుకోని వెబ్‌సైట్ల ముందు పిల్లలతోపాటు పడిగాపులు కాసిన తల్లిదండ్రులకు ఈ బాధ తెలిసిందే. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వం ఆరోగ్యబీమా కోసం కోట్ల డాలర్లు పోసి కట్టిన వెబ్‌సైటుని తెరిచింది. లక్షలమంది వచ్చిపడ్డారు. ఆ మొదటిరోజు చివరిదాకా వెళ్లి బీమా తీసుకోగలిగింది ఆరుగురు!

ఆదివారం పొద్దున ఐదింటికి అమ్మతోపాటు కేంద్రానికి వెళ్లాడు. మొదట వచ్చేది ఎప్పుడూ ఎదురింటి మామ్మే. డెబ్బై దాటాయి, ఒక గేదె. రెండు లీటర్ల క్యాను పట్టుకుని తలుపు తీయకముందే అరుగుమీద కూర్చుని ఉంటుంది. పాలు కొలిచారు, అంకెలు కొట్టారు, బటన్ నొక్కారు. తెరమీద చక్రం తిరుగుతోంది... తిరుగుతోంది... నిమిషమైనా తిరుగుతూనే ఉంది. వెనక నలుగురు క్యాన్లతో నిలబడ్డారు.

ఉచితంగా ఇచ్చే సర్వర్లలో ఇదో షరతు. కాసేపు ఎవరూ పలకరించకపోతే పడుకుంటాయి. ఎవరైనా తలుపు తడితే లేచి, కళ్లు నులుముకుని, అప్పుడు జవాబిస్తాయి. పగలు అతను పరీక్షించినప్పుడల్లా మెలకువగానే ఉంది మరి!

'మా గేదె నయం. నాలుగున్నరకే లేస్తుంది' అంది మామ్మ.

దాంతో ఉచితం మాట పక్కనపెట్టి, నెలకు ఆరువందల చిల్లర అద్దెకి ముంబయిలో ఉన్న ఓ నిద్రపోని సర్వరు తీసుకున్నాడు. 'ఆరొందలా! ఆ డబ్బుతో పది లాంగ్‌బుక్కులొస్తాయి' అని అమ్మ మూతి ముడిచింది. ఆవిడ లెక్కే సరైంది కాదని ఎవరూ అనలేరు. క్లౌడ్ అద్దె తోటలో బోరు మోటారు లాంటిది. అవసరానికి వేసుకుంటే చవక, కట్టెయ్యడం మర్చిపోతే బిల్లు గుండె ఝల్లుమనిపిస్తుంది. అందుకే ఎనిమిదివందలు దాటబోతే తన ఫోన్‌కి కబురొచ్చేలా ఏర్పాటు చేసుకున్నాడు.

జూన్ 1న మొదలైంది. అన్నీ సవ్యంగా సాగాయి. అంకెలు కొట్టగానే ఆకుపచ్చ టిక్కు పడేది, తర్వాతివాళ్లు ముందుకు జరిగేవాళ్లు. వరస తొందరగా కదులుతోందని ఊళ్లో పేరొచ్చింది. హైదరాబాద్‌లో అతను ఆఫీసులో కూర్చుని రోజూ ఓసారి తెరిచి చూసుకునేవాడు. ఎనభై చిల్లర పద్దులు వరసగా పడి ఉంటే అదో ఆనందం! బ్యాంకులకి రాసినప్పుడు ఎప్పుడూ కలగలేదు.

ఆవిడ మాత్రం పుస్తకం మానలేదు. 'ఒక పక్షం రెండూ నడవనీరా' అంది. పెద్ద కంపెనీలు పాత పద్ధతినుంచి కొత్తదానికి మారేటప్పుడు డబ్బు ఖర్చుపెట్టి మరీ ఇదే పని చేస్తాయి. అతను మాత్రం అమ్మకి ఇంకా నమ్మకం కుదరలేదనుకుని కాస్త చిన్నబుచ్చుకున్నాడు.

జూన్ 15 సాయంత్రం పాలు పోసి మామ్మ 'నాదెంతైందే అమ్మాయ్?' అని అడిగింది. ఆవిడ ఫోన్ చూసి హుషారుగా చదివింది. పొద్దున పూటలు పద్నాలుగు, సాయంత్రం పదిహేను.

'పద్నాలుగేంటి? పదిహేను' అంది మామ్మ.

'మిషన్లో పద్నాలుగే ఉందత్తా.'

'మిషన్లో ఏముందో నాకు తెలీదు. మా కొట్టం గోడమీద పదిహేనున్నాయి.'

మామ్మకి చదువు లేదు. పాలుపోసి ఇంటికి వెళ్లగానే గేదెలకొట్టం గోడమీద బొగ్గుతో గీత గీస్తుంది. పొద్దునకి నిలువుగీత, సాయంత్రానికి అడ్డగీత. పక్షం డబ్బు చేతికొచ్చాక తడిగుడ్డతో తుడిచేస్తుంది. వరసలో ఉన్నవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. 'మరి మాదెలా ఉందో కాస్త చూడు వదినా' అన్నాడొకాయన. గట్టిగా అనలేదుగానీ, 'ఫోనొచ్చాక లెక్కలు మారాయి' అన్న మాట వెనకనుంచి వినిపించింది.

ఒక్క పూట రెండు లీటర్లంటే నూట ఇరవై రూపాయల పైచిలుకు. మామ్మకి అది చిన్నది కాదు. ఆవిడకి తగిలింది మాత్రం నూట ఇరవై కాదు. ఆ రాత్రి కొడుక్కి ఫోన్ చేసినప్పుడు గొంతు వణికింది. 'పద్దెనిమిదేళ్లలో ఎవరూ నన్ను అలా చూడలేదురా' అంది.

అతను వెంటనే లాప్‌టాప్ తెరిచాడు. ఉత్తుత్తి పద్దు ఒకటి వేసి చూశాడు. తేదీ సరిగ్గానే పడింది. ఇంకోటి వేశాడు. అదీ సరిగ్గానే పడింది. ప్రోగ్రామ్ మొదటినుంచి చివరిదాకా చదివాడు, తప్పు లేదు. మళ్లీ అదే మాట నోటిదాకా వచ్చింది, మింగేశాడు.

ఈలోగా ఆవిడ పుస్తకాన్నీ ఫోన్నీ పక్కపక్కన పెట్టుకుని పోల్చింది. నలభై రెండుమందిలో పదకొండుమందికి తేడా ఉంది. అన్నీ పొద్దున పూటలే, సాయంత్రాలు ఒక్కటీ తప్పలేదు. మామ్మ మూడో తారీఖు వెన్నశాతం ఫోన్లో రెండో తారీఖున ఉంది. నాలుగోది మూడున ఉంది. ఆ పొద్దున పోసిన పాలు పద్నాలుగున ఉన్నాయి. పదిహేను ఖాళీ. మరి ఒకటో తారీఖువి ఏమయ్యాయి? మే 31లోకి పోయి, ఈ పక్షం బిల్లుకి అందకుండా కూర్చున్నాయి. స్కూలు వ్యాను నడిపే అబ్బాయికైతే ఒకేరోజు రెండు పొద్దులు, మరుసటిరోజు అసలు పొద్దే లేదు!

'ఆ పదకొండుమందీ ఎవరెవరు?' అని అడిగాడు అతను, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

'మామ్మ, చెరువుగట్టు అన్నదమ్ములు, వ్యాను అబ్బాయి... అందరూ గుళ్లో మైకు పెట్టకముందే వచ్చేవాళ్లురా. వ్యాను అబ్బాయి ఒక్కడే ఒకరోజు ముందూ ఒకరోజు వెనకా వస్తాడు.'

'మైకు ఎన్నింటికి పెడతారు?'

'ఐదున్నరకి. పూజారిగారు గడియారం చూసుకుని మరీ పెడతారు.'

అవతల చప్పుడు లేదు. లైను కట్టయిందనుకుని ఆవిడ 'హలో... హలో' అంటోంది.

ఐదున్నర! ఈ దేశంలో ప్రోగ్రాములు రాసే ఎవరికైనా ఆ అంకె వింటే ఒళ్లు జలదరిస్తుంది. ప్రపంచమంతా ఉమ్మడిగా లెక్కపెట్టుకునే అంతర్జాతీయ సమయానికి మనం ఐదున్నర గంటలు ముందుంటాం. క్లౌడ్‌లో సర్వర్లు ఏ దేశంలో ఉన్నా మామూలుగా ఆ ఉమ్మడి సమయాన్నే చూపిస్తాయి. అతని సర్వరు ఉన్నది ముంబయిలోనే అయినా దాని గడియారం మాత్రం గ్రీనిచ్‌ది. మన పల్లెలో మైకు మోగే వేళకి అక్కడ అర్ధరాత్రి దాటి తేదీ మారుతుంది. ఐదింటికి పాలు పోస్తే సర్వరు లెక్కలో అది ఇంకా నిన్నటి రాత్రి పదకొండున్నర. ఐదున్నర తర్వాత వచ్చినవాళ్లందరూ క్షేమం. సాయంత్రం పాలకీ ఢోకా లేదు. లాప్‌టాప్ గడియారం మన సమయంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ ఈ తప్పు ఎన్నేళ్లు వెతికినా దొరకదు. క్లౌడ్‌లో వెతికినా పగలు దొరకదు. అతను పరీక్షించినవన్నీ పగళ్లూ, రాత్రి పదకొండులూనే!

అన్నట్టు, ఈ ఐదున్నర కూడా ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు. ఒకప్పుడు మన రైళ్లు మద్రాసు సమయం ప్రకారం నడిచేవి. ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా, ఇటు మన కాకినాడకి దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని దేశానికంతటికీ ఒకే సమయం పెట్టింది 1906 జనవరి 1న. బొంబాయి, కలకత్తా నగరాలు దశాబ్దాలపాటు తమ గడియారాలు తమవేనన్నాయి కూడా.

తప్పు దొరికాక సరిచెయ్యడం రెండు వరసల పని. తేదీ కట్టేముందు మన సమయంలోకి మార్చుకోమని చెప్పాలి, అంతే. భయమంతా పాత పద్దులతోనే. నడుస్తున్న బీరువాలో చెయ్యిపెట్టి సర్దడమంటే మాటలు కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఓ ఇంజినీరు రాత్రివేళ అలసటలో ఒక సర్వరు అనుకుని మరో సర్వరులో పద్దులు చెరిపేశాడు. పొరపాటు తెలిసి ఆపేలోగా మూడువందల గిగాబైట్లు మాయం! దాచామనుకున్న నకళ్లు చూస్తే చాలావరకు పనిచెయ్యడం లేదు. చివరికి ఓ పాత నకలు పట్టుకుని నిలబడ్డారు, సుమారు ఆరు గంటల సమాచారం మాత్రం తిరిగిరాలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఇప్పటికీ చెప్పుకునే కథ అది.

అది గుర్తుండబట్టే అతను ఆ రాత్రి తొందరపడలేదు. ముందు బీరువా మొత్తానికీ నకలు తీశాడు. నకలు తీశాక ఊరుకోకుండా దాన్ని తన లాప్‌టాప్‌లో తెరిచి చూశాడు. ప్రతి పద్దుకీ అది నమోదైన అసలు క్షణం కూడా ఉంది కాబట్టి సరైన తేదీ కట్టడం కష్టం కాలేదు. నకలుమీద ముందు మార్చి, అమ్మని పుస్తకం తియ్యమన్నాడు. ఫోన్లో అతను ఇటునుంచి చదువుతుంటే ఆవిడ అటునుంచి 'ఊఁ' కొట్టింది. నూట అరవై రెండు పద్దులు. మధ్యలో ఒకచోట ఆవిడ ఆగి, తన పుస్తకంలోనే ఓ అంకె తప్పు రాసుకున్నానని ఒప్పుకుంది. అప్పటికి రాత్రి ఒంటిగంటన్నర. ఆ తర్వాతే అసలు బీరువాలో మార్చాడు.

పదహారో తారీఖు పొద్దున ఆవిడ అందరికీ చీటీలిచ్చింది. ఆ పదకొండుమందికీ మాత్రం చీటీతోపాటు పుస్తకం కూడా తెరిచి చూపించింది. మామ్మకైతే వేలుపెట్టి పదిహేను వరసలూ లెక్కపెట్టి చెప్పింది. 'నా గోడ తప్పుతుందేమో, నువ్వు తప్పవులే' అని మామ్మ డబ్బు కొంగున కట్టుకుంది. నిన్న సాయంత్రం మాట్లాడిన మనిషి ఈవిడేనా అనిపించేంత మామూలుగా.

అతను తెరలో ఒకే ఒక్క మార్పు చేశాడు. ఇప్పుడు ఆకుపచ్చ టిక్కు పక్కన తేదీ, పూట పెద్ద అక్షరాలతో కనిపిస్తాయి. అవి మొదటే ఉంటే ఒకటో తారీఖు పొద్దున్నే అమ్మ పట్టేసేది. ఆఫీసులో డిప్లాయ్ బృందం వాళ్లకి ఆ వారం టీ తాగించాడు. ఎందుకో చెబితే వాళ్లు నవ్వలేదు. ఒకతను మాత్రం తమకూ అర్ధరాత్రి జమయ్యే వడ్డీతో ఇలాంటిదే జరిగిందని చెప్పుకొచ్చాడు.

జూలై 1 శనివారం. కొత్త పక్షం. ముందురోజు రాత్రి బస్సుకి వచ్చిన అతను అలారం పెట్టుకుని మరీ లేచాడు. ఐదింటికి పది నిమిషాలుంది, ఇంకా చీకటే. మామ్మ అప్పటికే అరుగుమీద ఉంది. తలుపు తీశారు, పాలు కొలిచారు. మిషన్ అంకెలు చూపించింది. ఆవిడ ఫోన్లో కొట్టి, బటన్ నొక్కి, తెరని కొడుకు వైపు తిప్పింది. జూలై 1, ఉదయం. తర్వాత గూట్లోంచి పుస్తకం తీసి అందులోనూ రాసింది.

'పడిందా?' అంది మామ్మ.

'పడింది మామ్మా.'

ఖాళీ క్యాను ఊపుకుంటూ ఆవిడ వీధి దాటింది. కొట్టంలో దీపం వెలిగింది. గుళ్లో మైకుకి ఇంకా టైముంది.